అరచేతి మీటరు

ఆమె టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి నాలుగూ పది. ఆరింటికి షాపులో ల్యాప్‌టాప్ మార్చుకునే గడువు అయిపోతుంది. ల్యాప్‌టాప్ సంచీ ఒళ్లో పెట్టుకుని బల్ల చివర కూర్చుంది. మావయ్య అప్పటికే కథ ఎత్తుకున్నాడు.

ఆయన ఎత్తుకున్న కథని మధ్యలో ఆపినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. వీధి మొత్తం ఆయన్ని మీటరు అనే పిలుస్తుంది. ముప్ఫై ఏళ్లు రేడియోలు, టీవీలు, ఫ్యాన్లు బాగుచేశాడు. మీటరు పెట్టి చూడాల్సినవాటిని కూడా చెయ్యి ఆనించి చెప్పేసేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. కొట్టు మూసేసి నాలుగేళ్లయినా చెయ్యి మాత్రం ఇంకా తెరిచే ఉంది.

ఆమె ఆయన మేనకోడలు. కట్టబోయే భవనాల్లోకి ముందే నడిచి వెళ్లి చూసినట్టుండే వీడియోలు చేస్తుంది. ఆఫీసు మానేసి సొంతంగా మొదలుపెట్టాక వచ్చిన మొదటి పని ఒక ఆస్పత్రి భవనం. అది చేసి ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. దానికోసమే వారం క్రితం, ఒకరు వాడిన ల్యాప్‌టాప్ కొంది. కొనేటప్పుడు మావయ్యని తీసుకెళ్లింది.

అలాంటి బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డుల్లో ఒక తిరకాసు ఉంది. ఒకే పేరున్న కార్డు ఒక ల్యాప్‌టాప్‌లో అరవై వాట్లు తీసుకుంటుంది, ఇంకోదాంట్లో నూట నలభై. ల్యాప్‌టాప్ చేసినవాళ్లు దానికి ఎంత హద్దు పెడితే అంత. హద్దు తక్కువైతే పని నత్తనడక నడుస్తుంది. బయట అంటించిన స్టిక్కరు మీద పేరుంటుంది గానీ హద్దు ఉండదు. షాపులో సేల్స్ కుర్రాడు కార్డు వివరాల పేజీ తెరిచి చూపించబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "మాకు అవన్నీ ఎందుకు బాబూ" అంటూ ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి, "నూట నలభై, రాసిపెట్టుకో" అన్నాడు. కుర్రాడు తలూపాడు. ఊపక ఏం చేస్తాడు.

తీరా పని మొదలుపెడితే, ఆమె వేసుకున్న లెక్కకి రెట్టింపు సమయం పడుతోంది. పొద్దున ఆ వివరాల పేజీ తనే తెరిచి చూసుకుంది. హద్దు ఎనభై వాట్లు. షాపుకి ఫోన్ చేస్తే యజమాని మర్యాదగానే మాట్లాడాడు. "మీ పెద్దాయన చూసి సరే అన్నాకే కదమ్మా ఇచ్చాం. ఆయన వచ్చి, నేను తప్పు చూశాను అని ఒక్క మాట చెప్పమనండి. ఆరింటిలోపు మార్చి ఇచ్చేస్తాం."

అడిగింది ఒక్క మాటే. ఆ మాట మావయ్య నోట ఆమె పుట్టి బుద్ధెరిగాక విననిది.

"అంతకుముందు చెప్పినవి నమ్మకపోయినా పర్లేదు, ఇది నమ్మండి" అంటున్నాడు మావయ్య. "పోయిన ఎండాకాలం కాలేజీ లెక్చరరు ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. అమ్మినవాళ్లు కార్డు నూట పదిహేను వాట్లన్నారట, ఆయనకి అనుమానం. ఏదో ఆట పెట్టి ఆడించమన్నా. మూల మీద చెయ్యి పెట్టా. ఎంతసేపూ, ఇదిగో ఈ టీ ఒక గుక్క తాగేంతసేపు. ఎనభై అయిదు అన్నా. ఇంటికెళ్లి చూసుకున్నాడు. ఎనభై అయిదే."

"ఇది జరిగే ఉంటుంది" అన్నాడు పక్క కొట్టు దర్జీ, గుడ్డ కొలిచి చెప్పినట్టు.

జరిగే ఉంటుందని ఆమెకీ అనిపించింది. చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె మీద నీటి చుక్క చిలకరించి, అది ఎగిరిన తీరు చూసి లోపల ఏ తీగ పోయిందో ఆయన చెప్పడం కళ్లారా చూసింది.

"సరే, ఆ లెక్చరరు ఊరుకుంటాడా, ఊరంతా చెప్పాడు. ఒక ఆఫీసువాళ్లు కబురు పంపారు. అరవై ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టి నా కళ్లకి రుమాలు కట్టారు."

"చెప్పేది చేత్తోనేగా బావా, కళ్లకెందుకు కట్టడం?" అన్నాడు బస్సు డ్రైవరు. రిటైరయ్యాక ఆయన ఎక్కే బండి ఈ బల్లే.

"వేడిని కూడా కళ్లతో చూసేస్తానేమోనని వాళ్ల భయం. ఆ విద్యా ఉన్నదే కదా. అరవై ల్యాప్‌టాప్‌లు, అరగంట. అరవై అయిదు, తొంభై, నూట ముప్ఫై, అలా చెప్పుకుంటూ పోతున్నా, ఒకావిడ రాసుకుంటోంది. నలభై మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. అమ్మా, ఇందులో కార్డు లేదు, పేరు మాత్రమే ఉంది అన్నా. విప్పి చూశారు. లేదు."

"పేరు మాత్రం ఎలా ఉందో" అంది టీ కొట్టు ఆవిడ, గ్లాసులు కడుగుతూ.

"స్టిక్కరు మీదుంది చెల్లెమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకుండా లేస్తారా ఏంటి."

ఆమె ఫోన్ చూసుకుంది. నాలుగూ ఇరవై అయిదు. షాపుకి స్కూటర్ మీద అరగంట దారి. మావయ్యా, ఒక్క మాట, అని మొదలుపెట్టబోయింది. ఆయన చెయ్యి గాల్లో లేచి ఉంది. ఆ చెయ్యి దిగేదాకా మాట దూరదు.

"ఇంటిముందు కారాగింది. ఎవరన్నది అడక్కండి, చెప్పనని మాటిచ్చా. ఒక గది, గదిలో బల్ల, బల్ల మీద ఒక్క ల్యాప్‌టాప్. చుట్టూ పాతికమంది ఇంజనీర్లు తల పట్టుకు కూర్చున్నారు. కొత్త కార్డట. దాని హద్దెంతో దాన్ని చేసినవాళ్లకే అంతుపట్టడం లేదు. పెట్టిన మీటరల్లా రెండొందలు చూపించి కన్నుమూస్తోంది. నేను చొక్కా చేతులు మడిచి, అరచెయ్యి ఆనించా. రెండొందలు దాటింది. మూడొందలు. అయిదొందల దగ్గర లోపలి ఫ్యాన్లు అందుకున్నాయి చూడండీ, ఆ గాలికి ఎదురు డాబా మీద ఆరేసిన దుప్పట్లు లేచిపోయాయి. మర్నాడు పక్క ఊరి నుంచి ఫోన్ చేశారు, మీవేనా అని."

"ఉతికినవేనా?" అన్నాడు డ్రైవరు.

"అక్కడికి చేరేసరికి ఆరిపోయి, మడత కూడా పడ్డాయి. వెయ్యి దాటింది. వీధి దీపాలు మినుకు మినుకుమన్నాయి. రెండువేల దగ్గర లిఫ్టులో ఆరుగురు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య నిలబడిపోయారు, వాళ్లలో ఇద్దరికి అక్కడే పెళ్లి మాటలు కుదిరాయి, అది వేరే కథ. కరెంటాఫీసు నుంచి ఫోను. ఎవరండీ అక్కడ, ఊరి కరెంటంతా మీ గదిలోకే వస్తోంది, చెయ్యి తీయండి అని. తీస్తానా. బల్ల మీదున్న సీసాలో నీళ్లు తెర్లుతున్నాయి. సరే కదా అని పొడి వేసుకుని తలా ఒక టీ తాగాం."

"పాలో?" అంది టీ కొట్టు ఆవిడ.

"పాలు లేవమ్మా. లేనిది ఉందని నేనెందుకు చెప్తా."

దర్జీ నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టేశాడు. మావయ్య ముఖంలో మాత్రం నవ్వు లేదు. ఈ మాటలన్నీ చెప్పేటప్పుడు ఆయన ముఖం, పాత రేడియోలో స్టేషను వెతుక్కునేటప్పటి ముఖమే. కొట్టు మూయకముందు చివరి ఏడాది ఆయన దగ్గరికి వచ్చినవన్నీ విప్పడానికి వీల్లేని సామాన్లే. మరలు ఉండవు, అతుకులే. లోపలున్నది లోపలే. మీరు ముట్టుకోవద్దు, కంపెనీకి పంపండి అని ఆ డబ్బాల మీదే రాసి ఉండేది. ఒకసారి ఆయన అలాంటిది ఒకటి చేతుల్లో అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా వచ్చినవాళ్లకి తిరిగి ఇచ్చేయడం ఆమె చూసింది. చెయ్యి గొప్పలు అప్పటి నుంచే పెరిగాయి.

"తొమ్మిదివేలు" అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి. "ఎక్కడో కొండల్లో ఉన్న డ్యాములో నీళ్లు జానెడు దిగిపోయాయని మర్నాడు పేపర్లో వేశారు. ఎందుకో ఎవరికీ తెలీదు, పాతికమంది ఇంజనీర్లకీ నాకూ తప్ప. తొమ్మిదివేల నాలుగొందల దగ్గర నాకు సంగతి అర్థమైంది. పాపం, దాని హద్దెంతో దానికే తెలీదు. ఎవరైనా చెబితే ఆగుదామని చూస్తోంది. ఇక చాల్లే అన్నా. ఆగింది. పాతికమందీ లేచి నిలబడ్డారు."

కథ అంత ఎత్తుకి వెళ్లాక దిగడానికి ఎవరికైనా కొంచెం సమయం కావాలి.

ఆ సందు చూసుకుని ఆమె, "మావయ్యా, ఈ ల్యాప్‌టాప్ విషయం" అంది.

"అదే చెప్పబోతున్నా" అని ఆయన సంచీ అందుకున్నాడు. ల్యాప్‌టాప్ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదుగో, మా కోడలు పిల్లది. దగ్గరుండి నేనే కొనిపించా." మూసి ఉన్న మూత మీద అరచెయ్యి పరిచి కళ్లు మూసుకున్నాడు. "ఆహా. నూట నలభై. ఒక్క వాట్ తగ్గితే నన్నడగండి. మీరూ పెట్టి చూడండి."

దర్జీ పెట్టి చూశాడు. "వేడిగానే ఉంది మాస్టారూ."

డ్రైవరు కూడా చెయ్యి వేశాడు. "బస్సు ఇంజను మీద పెట్టినట్టుంది."

మూడు చేతులూ ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి. ఆమె చూస్తున్నది మావయ్య బొటనవేలి మీది తెల్ల మచ్చని. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు టంకం వేయడం నేర్పిస్తూ కాల్చుకున్న మచ్చ అది. తప్పు ఆమెదే, వేలు ఆయనది. ఆ రోజు ఆయన అరవలేదు. వేలు నీళ్లలో ముంచుకుని, మొదటి పాఠం మళ్లీ చెప్పాడు.

ఇంటికి తీసుకెళ్లి చెప్పొచ్చు. వీళ్లెవరూ లేకుండా నెమ్మదిగా చెప్పొచ్చు. కానీ ఇంటికెళ్తే గడువు దాటుతుంది, గడువు దాటితే ఆస్పత్రి పని చేజారుతుంది.

"మావయ్యా" అంది. "ఏ సామాను ముట్టుకున్నా ముందు ఏం చూడాలి?"

"స్విచ్చు" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే. "ఆన్‌లో ఉందా లేదా చూసుకోవాలి. నేను నీకు చెప్పిందే కదా."

"చూశావా?"

డ్రైవరు చెయ్యి ముందు లేచింది. తర్వాత దర్జీది. మావయ్య కళ్లు తెరిచాడు.

"పొద్దున కట్టేశాను, మళ్లీ ఆన్ చెయ్యలేదు" అంది ఆమె. "నల్ల సంచీలో పెట్టి ఎండలో స్కూటర్ మీద తెచ్చా. ఆ వేడే అది. ఇప్పుడు అందులో ఉన్నది సున్నా వాట్లు."

డ్రైవరుకి నవ్వొచ్చింది. టీ కొట్టు ఆవిడ ఆయన వైపు ఒక చూపు చూసింది. డ్రైవరు నవ్వు టీలో ముంచేసుకున్నాడు.

మావయ్య చెయ్యి ఇంకా మూత మీదే ఉంది. దాన్ని ఎలా తీయాలో ఆయనకి తోచినట్టు లేదు. ఆమె పక్కకి జరిగి కూర్చుని, ల్యాప్‌టాప్ నెమ్మదిగా తన వైపు లాక్కుని ఆన్ చేసింది. షాపు కుర్రాడు ఆ రోజు తెరవబోయిన పేజీనే తెరిచింది. ఆయన కళ్లజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. మొదటి వరసలో పేరు. అంతా స్టిక్కరు మీదున్నదే. కిందికి జరిపింది. గరిష్ఠ హద్దు ఎనభై వాట్లు.

"ఇది ఇంతేనా? పెంచుకోవడానికి లేదా?" అన్నాడు.

"లేదు. చేసినవాళ్లు పెట్టిందే."

"ఇక్కడే రాసి ఉంది."

"ఇక్కడే ఉంది మావయ్యా."

షాపు యజమాని అన్న మాట ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మావయ్య, "నేను తప్పు చూశాను" అన్న ఆ మూడు ముక్కలూ విని, గ్లాసు అడుగున మిగిలిన టీ వైపు చూశాడు. అది తాగలేదు.

"ఎన్నింటిదాకా ఉంటాడన్నావు?"

"ఆరు."

లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద. ఆ సంచీ నేను పట్టుకుంటా, నువ్వు బండి నడుపు."

"బావా, మరి ఆ పాతికమంది ఇంజనీర్లు?" అన్నాడు డ్రైవరు, ఉండబట్టలేక.

"కూర్చోమను" అన్నాడు మావయ్య.

దారి పొడుగునా ఆయన సంచీ ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. షాపు చేరేసరికి అయిదూ పది. కౌంటరు దగ్గర ఆ రోజు సేల్స్ కుర్రాడే ఉన్నాడు, పక్కన యజమాని. మావయ్య సంచీ బల్ల మీద పెట్టాడు.

"రండి సార్" అన్నాడు యజమాని. "అయితే మీరు తప్పు చూశారంటారు."

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. మావయ్య గొంతు సవరించుకున్నాడు. కథ ఎత్తుకునే ముందు ఎప్పుడూ అలాగే సవరించుకుంటాడు.

"తప్పు చూడలేదు బాబూ" అన్నాడు. "అసలు చూడలేదు. ఈ అబ్బాయి చూపిస్తానన్నాడు, నేనే వద్దన్నా. ఇప్పుడు చూపించమను. కళ్లజోడు తెచ్చుకున్నా."