హామిద్ ఇంట్లో దిగిన అతిథి

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, కోరుట్ల నుంచి ఇంత ఎండలో వచ్చిన పెద్దలకు, నేనేం మాట్లాడతానోనని ముందు వరుసలోంచి ఇప్పటికే అనుమానంగా చూస్తున్న ఇబ్రహీం సార్ సతీమణి రాబియా బీ గారికి, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా చరిత్ర శాఖ పెద్ద ఇబ్రహీం సార్‌కు నమస్కారంతో పాటు ఒక జవాబు కూడా చెప్పాలి. పోయిన వారం స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నన్ను నిలబెట్టి అడిగారు: "మేడం, నేను పోయినంక నా బర్టన్ పాఠం ఉంచుతవా, తీసి పారేస్తవా? ఇప్పుడే చెప్పకు. అందరి ముంగట చెప్పు, మల్ల మాట మార్చనీకి రాదు." (నవ్వులు)

తెలియని వారి కోసం చెబుతాను. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషు దొర 1853లో హిందుస్థానీ పఠాన్ హకీం వేషం కట్టి, హాజీలలో కలిసిపోయి, ముస్లిం కానివాళ్ళకు ప్రవేశం లేని మక్కా దాకా వెళ్ళి, దొంగచాటుగా రాసుకున్నదంతా తిరిగొచ్చి అచ్చు వేసుకున్నాడు. తర్వాత అతని ప్రభుత్వం అతన్ని 'సర్' చేసింది. ఇబ్రహీం సార్ తలకు తువ్వాల చుట్టుకుని బెంచీల మధ్య నడుస్తూ ఈ పాఠం చెబుతుంటే కామర్స్ పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవారు. కోరుట్లలో వాళ్ళ వాడ పెద్ద ఒకాయన, "ఏంది ఇబ్రహీం భాయ్, దొంగ హాజీని తెగ పొగుడుతున్నవంట?" అని నిలదీస్తే సార్ అన్నారట, "దొంగనే భాయ్, కాదంటలేను. కని మన మాట, మన నమాజు నేర్చుకొని వచ్చిన దొంగ. మిగిలిన దొరలు గది గూడ చెయ్యలే."

నేను హైదరాబాదులో పరిశోధన చేసి వచ్చినదాన్ని. బర్టన్ నాకు గూఢచారి. ఈస్టిండియా కంపెనీ కొలువులో అతను నేర్చిన భాష పాలించడానికే తప్ప ప్రేమించడానికి కాదని నా వాదం. ఏళ్ళ తరబడి టీ చల్లారిపోయేదాకా కొట్లాడుకున్నాం. సార్ చెబుతున్నప్పుడు మాత్రం, మక్కాలో ఆ హాజీల గుంపులో అతను వంచిన తల పూర్తిగా నటనేనా అని ఒక సందేహం వచ్చేది. ఇంటికి పోయాక మళ్ళీ నా వాదమే సరైనదనిపించేది. ఇప్పటికీ నా పరిస్థితి అంతే.

పోయిన ఏడాది రెండో సంవత్సరం క్లాసులో అనూష లేచింది. "సార్, మా నాయిన గూడ వేరేటోని పాస్‌పోర్టు మీద దుబాయ్ పోయిండు. దొరికితె జైల్ల ఏసిండ్రు. గీయనకేమో బిరుదు ఇచ్చిండ్రు. గిదేం న్యాయం సార్?" క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. ఆ ఆదివారమే నన్ను కూడా వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కారు. రాబియా బీ గారూ, పెళ్ళికని చెప్పి వెళ్ళింది అక్కడికే. (నవ్వులు)

అనూష వాళ్ళ నాయిన రమణ సాంచా, అదే మరమగ్గం, ఆపి, చేతులు తుడుచుకుని, బర్టన్ కథంతా విన్నాడు. కోపం వస్తుందేమోనని నేను చూస్తున్నాను. అతను తొడ చరిచి నవ్వాడు.

"మొనగాడే సార్! నేనైతె ఏడాది తిరుగకముందే దొరికిన."

"నాయినా! నీ కోసమని నేను సార్‌తోటి కొట్లాడితె, నువ్వు ఆయన్నే మెచ్చుకుంటవా?" అని అనూష.

"నువ్వాగు బిడ్డా. సార్, మరి గాయన కఫీల్ ఎవ్వలు?"

గల్ఫ్‌లో పనివాడికి పూచీ ఉండే యజమానిని కఫీల్ అంటారు. ఆ రోజుల్లో కఫీల్ ఎక్కడుంటాడని నాకు నవ్వొచ్చింది. సార్ మాత్రం ఆలోచించి చెప్పారు: "కఫీల్ లేడు గని, మదీనల ఒకాయన ఇంట్ల పెట్టుకున్నడు. హామిద్ అని."

"దొర దొరికితె హామిద్ గతేంది మరి? నా సంగతే చూడు సార్. నాకు పేరిచ్చినోడు వీర్నపల్లిల ఉంటడు. నేను దొరికినంక ఆని పాస్‌పోర్టు గూడ ఖరాబైంది. ఇగ మల్ల పోలేకపోయిండు. ఎదురువడితె ఇప్పటికీ మొకం తిప్పుకుంటడు."

తిరుగు ప్రయాణంలో బస్సు వేములవాడ దాటింది. అప్పుడు సార్ నెమ్మదిగా అన్నారు: "ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న హామిద్ పేరు ఎత్తలే మేడం. నేను మెచ్చుకున్న, నువ్వు తిట్టినవ్. ఇద్దరం ఆ దొరనే చూసుకుంట కూసున్నం."

అందుకే సార్, జవాబు. నిన్నటిదాకా తీసేద్దామనే అనుకున్నాను. మీలా చెబితే నాకు అబద్ధమవుతుంది, నాలా చెబితే మీకు నొప్పి. కానీ ఇప్పుడు నా మాట ఇదీ: పాఠం ఉంచుతాను. అయితే అది ఓడలోనో ఎడారిలోనో మొదలు కాదు. మదీనాలో ఒక ఇంట్లో, వచ్చినవాడిని నమ్మి చోటిచ్చిన మనిషితో మొదలవుతుంది. బర్టన్ గొప్పవాడా, మోసగాడా అన్నది పిల్లలు తర్వాత తేల్చుకుంటారు. తేలకపోతే వాళ్ళకు నేను తోడుంటాను.

(వేదిక మీద నుంచి ఇబ్రహీం సార్: "అసలు సంగతి తెలిసినంక హామిద్ ఏమనుకున్నడో, గది గూడ చెప్తవా?")

నాకు తెలియదు సార్. నేను చదివిందంతా బర్టన్ రాసుకున్నదే. హామిద్ నోటి మాట నాకెక్కడా దొరకలేదు. తెలియదనే చెబుతాను.

(ఇబ్రహీం సార్: "చాలు మేడం. గట్లనే చెప్పు.")

ఓపికగా విన్నారు, మధ్యలో లేచి పోలేదు, మీ అందరికీ కృతజ్ఞతలు. సార్, జూన్‌లో ఆ క్లాసు నాది. మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి. సెలవు.