వార్చిన నీళ్లు

ప్రత్తిపాడులో పరుపులు కుట్టే నన్నే సాహెబ్ ఇల్లు. పొద్దున పదకొండు గంటలు. వంటగదిలో ఆయన భార్య కరీమున్, కోడలు నజ్మీన్.

"ఆ గరిటె మామయ్య కూరలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అత్తమ్మా?"

"కడిగానే."

"ఎక్కడ కడిగారు? ఇందాకే మన పప్పులో తిప్పారు. అంచున పసుపు కూడా పోలేదు."

"గరిటెకంటిన ఉప్పుతో మనిషి పోతాడా నజ్మీన్?"

"మొన్న పోబోయారుగా."

"జరుగు, దుంపలు చూడాలి."

"అది కాదు అత్తమ్మా, నేనన్నది..."

"అన్నావులే. నీకు గరిటెలు లెక్కపెట్టడానికే సరిపోతోంది పొద్దంతా. దుంపలు ఉడికాయి, ఆ చిల్లుల గిన్నె పట్టుకో."

"పట్టుకున్నా. కింద ఇంకో గిన్నె ఎందుకు పెట్టారు?"

"నీళ్లు పడొద్దూ?"

"సింకులో పడనివ్వండి."

"పారబోస్తావా? సారమంతా అందులోకి దిగితేనూ?"

"ఈ నీళ్లు ఏం చేస్తారు మీరు?"

"ఏం చేస్తాను... ముందా స్టవ్ తగ్గించు."

"తగ్గించాను. ఏం చేస్తారు?"

"చారు పెడతాను. టమాటా వద్దన్నారు, ఉప్పు చిటికెడన్నారు, చింతపండు వాసన చూపించమన్నారు. ఒట్టి నీళ్లలో మిరియాలు వేసిస్తే ఎవరు తాగుతారే? దీంతో పెడితే నాలిక్కి కాస్త తగుల్తుంది. ఆయనా ఇష్టంగానే తాగేవాడు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఆస్పత్రివాళ్లిచ్చిన పథ్యం కాగితం నువ్వు చదివి చెప్పిన రోజునుంచి."

"రెండు నెలలా?"

"పూటకో గ్లాసు."

"అత్తమ్మా, ఒకసారి కూర్చోండి."

"ఎందుకు? అలా చూస్తావేం?"

"కూరలు ముక్కలు కోసి ఉడికించమన్నదే ఆ నీళ్లు పోవడానికి. కూరలో ఉన్న పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. మామయ్య కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఒంట్లో పేరుకుంటే గుండె మీదికి వస్తుంది. మొన్న కొట్లో పడిపోయింది దాంతోనే అని డాక్టరు చెప్పలా?"

"బజ్జీలతో అని చెప్పాడు."

"డాక్టరు బజ్జీలనలేదు. కూడనిదేదో ఒంట్లోకి పోతోంది, ఇంట్లో కనుక్కోండి అన్నాడు. బజ్జీలన్నది మీ అబ్బాయి."

"ఆయన ఒప్పుకున్నాడుగా? సెంటర్లో బజ్జీల బండి దగ్గర నిలబడ్డాడని పక్క కొట్టు ఖాదర్ వలి వచ్చి చెప్పలా? ఆస్పత్రి మంచం దగ్గర వాసిం నిలదీస్తే, తిన్నానురా అన్నాడు. నీ ముందే అన్నాడు."

"అన్నారు."

"మరింకేం. రెండూ అయ్యుంటాయి."

"అయ్యుంటాయి."

"అట్లా అనకే. గట్టిగా చెప్పు."

"నాకు మాత్రం ఏం తెలుసు అత్తమ్మా?"

"వార్చమన్నావే నువ్వు. గంజి వారిస్తే పారబోస్తామా? మా అమ్మ పారబోసిందా, నేను పారబోశానా? పారబొయ్యమని ఒక్క మాట అనుంటే..."

"కాగితంలో ఉంది."

"ఏముంది?"

"ఆ నీళ్లు వాడకుండా పారబొయ్యాలని ఇంగ్లీషులో రాసే ఉంది. నేను వార్చాలని చెప్పి కింది లైనుకి పోయాను. పాప ఏడ్చిందో, ఫోనొచ్చిందో. ఎవరైనా పారబోస్తారుగా, ఇది కూడా చెప్పాలా అనుకున్నాను."

"బీయస్సీ చదివావు."

"చదివాను."

"చదివి..."

"అనండి అత్తమ్మా. ఆపకండి."

"ఏమంటాను? పోసింది నేనేగా. అవతల చుట్టాలంతా వచ్చి ఆయన్ని తిట్టిపోస్తుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నోరు కట్టుకోలేనివాడివి నీకు మందులెందుకయ్యా అని నేను కూడా అన్నాను. అందరికంటే ఎక్కువ నేనే అన్నాను."

"మీ అబ్బాయికి చెప్పాలి."

"వాసింకా?"

"ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు? రేపు పొద్దున ఆ బేరమాడిన బుడాన్ వచ్చి దూదేకే మిషన్ కొనుక్కుని పట్టుకుపోతాడు. కొట్టు ఉంటే సెంటర్‌కి పోతారు, పోతే తింటారు అనేగా తీసేస్తున్నది. ముప్పై ఏళ్ల కొట్టు."

"నాకు తెలియదా? నిన్నంతా పరుపుల సూదులు ఒక్కొక్కటి తుడిచి గుడ్డలో చుట్టాడు. ఎందుకయ్యా అంటే, తుప్పు పడతాయన్నాడు."

"మరి?"

"చెప్తాలే. సాయంత్రం చెప్తా. నా చేత్తో పోశానే నజ్మీన్. ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసని బతిమాలి పోశాను."

"ఇప్పుడూ తాగుతున్నారా?"

"లేదు. ఆస్పత్రినుంచి వచ్చాక మొహం మొత్తిందంటున్నాడు. రోజూ పెట్టి చూస్తున్నాను, చుక్క ముట్టలేదు."

"అంతవరకు నయం. ఇటివ్వండి, పారబోస్తాను."

"వద్దు. నేనే పోస్తాను."

ఒంటిగంట. కొడుకు వాసిం వచ్చాడు. నలుగురూ భోజనానికి కూర్చున్నారు.

"నాన్నా, బుడాన్ రేపు ఏడింటికల్లా వస్తానన్నాడు. మిషన్‌తో పాటు దూది తూచే కాటా కూడా ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్ రా. నాకెందుకు?"

"నా మీద కోపం పెట్టుకోకు. రెండు బజ్జీల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటివి. ఇంట్లో తిండి పెట్టట్లేదా అని ఊళ్లో నన్నడుగుతున్నారు."

"కోపమేం లేదు వాసిం. అన్నం తిను."

"బజ్జీలు కాదురా."

"ఏంటమ్మా?"

"మీ నాన్నని పడేసింది బజ్జీలు కాదు, నేను. కూరలు వార్చిన నీళ్లతో చారు పెట్టి, రెండు నెలలు తాగించాను. ఉండకూడనిదంతా ఆ నీళ్లలోనే ఉందంట."

"అత్తమ్మది కాదు తప్పు, నేను కాగితం సరిగ్గా..."

"నువ్వుండు నజ్మీన్. నాకు ఇందాకే తెలిసిందిరా. తెలిశాక కూడా రెండు గంటలు నోరు మూసుకున్నాను. నువ్వు కాటా సంగతి ఎత్తకపోతే ఇంకా మూసుకునే ఉండేదాన్ని."

"అమ్మా..."

"బుడాన్‌ని రావద్దను."

"సరే, చెప్తాను. కానీ నాన్న తనంతట తనే తిన్నానన్నాడుగా? ఏంటి నాన్నా ఇది?"

"ముందు మీ అమ్మని తిననియ్యరా. కంచంలో చెయ్యి కూడా పెట్టలేదు."

"నాకొద్దు. ఇంకో మాట కూడా వినండి అందరూ. రేపట్నుంచి ఈయనకి నజ్మీన్ వండుతుంది. ఈయన గిన్నె నేను ముట్టను. బతికున్నంతకాలం ముట్టను."

"కరీమున్, ఆస్పత్రిలో భోజనం కాగితం రాసే అమ్మాయి, మీరెవరూ రాకముందే, చారు ఎట్లా పెడతారని నన్నడిగి, ఆ నీళ్లతోనే వచ్చిందని అప్పుడే చెప్పింది. నువ్వీ మాటంటావనే, తినని బజ్జీలు తిన్నానన్నాను."