గిత్త గుండెలో గోడ

"ఆ చెవుల్లో పెట్టుకునేది కాస్త దులిపి పెట్టుకోమ్మాయ్. దుమ్ముంటే లేనిపోని చప్పుళ్ళు వినపడతయ్యంట."

"దుమ్ము లేదండీ. చప్పుడు గిత్త గుండెలోదే."

సింగరాయకొండ అవతలి ఊళ్ళో చలమయ్య పశువుల కొట్టం అది. గిత్త ఆయనది. దాని డొక్క మీద స్టెతస్కోపు ఆనించి వంగి ఉన్నది మండల పశువుల డాక్టర్ ఫర్హానా. బండలాగుడు పోటీల్లో ఇంకా పళ్ళు మారని కుర్ర గిత్తలకి పెట్టే పాలపళ్ళ విభాగానికి జత కుదుర్చుకోవాలని దాచేపల్లి నుంచి వ్యాన్ తోలుకొచ్చిన వీరబాబు పక్కనే నిలబడ్డాడు. ఎక్కించే ముందు డాక్టర్‌కి చూపించాలన్నది అతనే. బేరం ఖాయం చేసింది చలమయ్య కొడుకు కోటేష్. మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు పోతూ, తను వచ్చేలోపు గిత్తను ఎక్కించి పంపమని చెప్పి వెళ్ళాడు.

"చప్పుడంటే ఎట్టాంటిది మేడం?"

"గుండె లబ్ డబ్ అని కొట్టుకోవాలి వీరబాబు గారూ. దీనికి ఆ రెండింటి మధ్యా బుస్సుమంటోంది. గుండెలో కింద రెండు అరలుంటాయి. వాటి మధ్య ఒక గోడ..."

"గోడంట. తాపీ మేస్త్రిని పిలవబోయి ఈమెను పిలిచినట్టున్నాం."

"పూర్తిగా చెప్పనివ్వండి. ఆ గోడ చాలా వరకు మందపాటి కండ. పైన, పెద్ద రక్తనాళం మొదలయ్యే చోట మాత్రం పల్చటి పొర. దూడ కడుపులో ఉండగానే కండా పొరా కలిసి మూసుకోవాలి. దీనికి అక్కడ మూసుకోలేదు. చిల్లు మిగిలిపోయింది."

"కోసి చూశావా?"

"కొయ్యక్కర్లేదండీ."

"కొయ్యకుండా, చూడకుండా చిల్లు. కోళ్ళకి టీకాలేసుకునే ఉద్యోగం, మాటలు చూస్తే పట్నం గుండె డాక్టర్లు పనికిరారు."

ఫర్హానా స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఇలాంటి వాళ్ళను చాలామందిని చూసింది. పేడ తొక్కడానికి చీదరించుకుంటుందని కొందరు, ఆడపిల్లకు ఆవు లొంగుతుందా అని కొందరు వెక్కిరించారు. ఈ ముసలాయన అంతకంటే ఘనుడు. ఆమె కొట్టంలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ఒక్క మాటా తిన్నగా మాట్లాడలేదు. వచ్చేటప్పుడు, దోషం ఉన్నా కొంచెం సర్ది చెబుదామనే అనుకుంది. ఇప్పుడు ఆ ఉద్దేశం పోయింది.

"ఎడమ అరకి బలమెక్కువ చలమయ్య గారూ. ఒళ్ళంతటికీ పోవాల్సిన రక్తంలో కొంత ఆ చిల్లులోంచి కుడి అరలోకి చిమ్ముతోంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల మీద పడుతోంది. ఊరికే నిలబడ్డప్పుడు దీనికేం తెలియదు. బండ కట్టి తోలారనుకోండి, గుండె తట్టుకోలేదు. పడిపోతుంది."

"మా కొట్టంలో పుట్టిన గిత్త పడిపోవడమా. దీని తాత ఎన్ని పందేలు కొట్టిందో మీ ఆఫీసులో ఎవరికన్నా తెలుసా?"

"తాత గుండె తాతది. దీని గుండె దీనిది."

"చదువుకుంటే ఇట్టా తయారవుతారు వీరబాబూ. ఎక్కించు. ఈమె మాట పట్టించుకుంటే ఊళ్ళో ఒక్క గొడ్డు మిగలదు."

"ఉండు బాబాయ్. మేడం, నాకెట్టా తెలియాలి?"

"మీ చెయ్యి ఇటివ్వండి. ఇక్కడ, గిత్త కుడి ముందుకాలి మోచేతి వెనక. గట్టిగా ఆనించండి. తెలుస్తోందా?"

వీరబాబు అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా నిలబడ్డాడు.

"ఏదో గురగురమంటాంది. పిల్లిని పట్టుకున్నట్టుంది."

"రక్తం చిమ్ముతోందన్నానే, అదే."

"ఈగ వాలితే తోలు అదరదూ. నీకు అది కూడా తెలియదా?" అన్నాడు చలమయ్య.

"నువ్వే పెట్టి చూడు బాబాయ్."

"నేను పెట్టను. నా గొడ్డు సంగతి నాకు ఇంకొకరు చెప్పాల్సిన పన్లేదు. సరే అమ్మాయ్, అంత తెలిసినదానివి ఇదీ చెప్పు. బండకి కట్టకుండా, కాడి మొయ్యనివ్వకుండా, కూచోబెట్టి మేపితే?"

"చిల్లు మరీ పెద్దది కాకపోతే కొన్నేళ్ళు బతుకుతుంది. కానీ మీరు అట్లా మేపే మనిషి కాదు కదా."

"ఉత్తినే కూచోబెట్టి మేపడానికి ఇదేమన్నా సర్కారు ఉద్యోగమా?"

వీరబాబు చెయ్యి తుడుచుకున్నాడు. తెలిసి తెలిసి రోగం గొడ్డును అంటగట్టబోయారని, పోటీ రోజు జనం మధ్యలో అది కూలితే తన పరువు ఏం కావాలని చలమయ్యను నిలదీశాడు. కోటేష్‌కి అక్కడికక్కడే ఫోన్ చేసి బేరం వద్దన్నాడు. ఈ సంగతి పందేల వాళ్ళందరికీ చెబుతానన్నాడు. చలమయ్య మీసం మీద చెయ్యేసి, చెప్పుకో పొమ్మన్నాడు. వ్యాన్ ఖాళీగా రోడ్డెక్కింది.

ఫర్హానా బ్యాగు సర్దుకుంది.

"ఒక్క మాట అంటాను చలమయ్య గారూ. మీలాంటి వాళ్ళకి పశువులుండకూడదు. నా మాట నమ్మకపోతే పోయె, చెయ్యి పెట్టి చూడ్డానికి కూడా మనసు రాలేదు మీకు. చస్తే చచ్చింది, అమ్ముడైతే చాలనుకున్నారు."

"కూర్చోండి తల్లీ. మజ్జిగ తెమ్మంటాను."

"మీ మజ్జిగ నాకేం అక్కర్లేదు."

"ఇది పాలు తాగతా తాగతా మధ్యలో ఆగి రొప్పేది. చిన్న దూడప్పుడు. ఆ డొక్క మీద చెయ్యేసి పక్కనే పడుకునేవాణ్ణి. ఆ గురగుర నాకప్పుడే తెలుసు."

"తెలుసా? తెలిసి మరి నన్నెందుకు అన్ని మాటలన్నారు?"

"మా వాడికి చెబితే, ముద్దెక్కువై రోగం అంటగడుతున్నానన్నాడు. నేను మీకు వత్తాసు పలికుంటే, ముసలోడే డాక్టరు చేత చెప్పించాడని రేపు ఇంకో బేరగాణ్ణి తోలుకొచ్చేవాడు. మిమ్మల్ని ఎంత తిడితే మీ మాటకి అంత బరువొచ్చుద్దనుకున్నాను."