నాలుగు కుర్చీల తరగతి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ ఉదయం ఏడు గంటలకు, మడత నలగని తెల్లని దుస్తులతో మన ఆసుపత్రి పిల్లల వార్డులో అడుగుపెట్టిన మా సీనియర్ సిస్టర్ గారు, ముప్పై ఆరు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి వ్రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను మూడు పర్యాయాలు అడిగింది. వరుసగా ఆరు రోజుల డ్యూటీ దిగి, కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని వ్రాస్తున్నాను. వాక్యాలలో ఎక్కడైనా అలసట కనిపిస్తే పెద్దలు మన్నించగలరు.

తొమ్మిదేళ్లు పిల్లల వార్డులోనూ, తదనంతరం శస్త్రచికిత్సల వార్డులోనూ పనిచేసి, రెండువేల ఏడులో ఆ వార్డు బాధ్యతలను స్వీకరించిన వారు ఒక్కనాడూ ఆలస్యంగా వచ్చి ఎరుగరు. రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పరీక్ష అందరికీ తప్పనిసరి అయిన ఏడాది, నలభై అయిదేళ్ల వయస్సులో వారూ మాలాగే హాలు టికెట్టు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. తొలిసారి తప్పారు కూడా! ఆ సంగతి ఎన్నడూ దాచలేదు. “ఇరవై మూడేళ్ల అనుభవమే నా కొంప ముంచిందమ్మా” అని నవ్వేవారు.

రెండవసారి ఉత్తీర్ణులైన మరుసటి వారమే, దుప్పట్లు భద్రపరచే గదిలో వారి తరగతి ఆరంభమైంది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారగానే నాలుగు కుర్చీలు వేసి, వాటిపై నాలుగు దిండ్లు పెట్టి, మమ్మల్ని నేలపై కూర్చోబెట్టేవారు. ఒక్కో దిండు ఒక్కో రోగి. నలుగురిలో ముందు ఎవరిని చూడాలన్నదే పరీక్షలో మమ్మల్ని తప్పించే ప్రశ్న. నేను ఆ తరగతిలో చేరేనాటికి రెండుసార్లు తప్పి ఉన్నాను. మూడవదే చివరి అవకాశం. అదీ పోతే నా తాత్కాలిక అనుమతి రద్దయి, మళ్లీ సహాయకురాలిగా మంచాలు తుడుచుకోవలసిందే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన పడిన అత్తగారు. కళ్లు తెరుచుకుని నిద్రపోయే విద్య ఒక్కటే నాకు సంపూర్ణంగా అబ్బింది.

“ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?” అని సిస్టర్ గారు అడిగేవారు.

“రెండో ఆయన దగ్గరికి. నొప్పని వార్డంతా అదిరేలా అరుస్తున్నాడు కదా.”

“మరి నాలుగో ఆవిడ?”

“ఆవిడ ఏమీ అనట్లేదు కదా సిస్టర్.”

“నా భయమూ అదే! ఆపరేషనై గంట కాలేదు, చెమటలు పట్టి నోరు మెదపకుండా పడుంది. అరిచేవాడికి ఊపిరాడుతోంది అమ్మాయ్. ముందు అరవని మనిషిని చూడు.”

అరిచినవారి వద్దకు పరుగెత్తకపోతే వార్డులో చీవాట్లు తినేది మేమే గనుక, ఆ అలవాటే పరీక్షలోనూ మమ్మల్ని ముంచేది. ఒకనాడు ఒక్క నిమిషమని నాలుగో దిండుపై తల వాల్చి, నలభై నిమిషాలు నిద్రపోయాను. లేచేసరికి నా మీద దుప్పటి ఉంది. ఎదురుగా సిస్టర్ గారు.

“లే అమ్మాయ్. నువ్వు పడుకున్నది నాలుగో ఆవిడ మీద. ఈపాటికి పోయుంటుంది పాపం.”

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ ఏడాది గట్టెక్కాను.

తరగతి సాగినంతసేపూ వారు బీరువాకు ఆనుకుని నిలబడే ఉండేవారు. కూర్చోమంటే, “కుర్చీలన్నీ రోగులవే కదమ్మా” అనేవారు. అది క్రమశిక్షణ అనుకున్నాను. గతవారం వారి అమ్మాయి అసలు విషయం చెప్పింది. “అమ్మ కూర్చుంటే మళ్లీ లేవలేదక్కా. మోకాళ్ల ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసింది. రెండోసారి మీ పరీక్ష దగ్గర పడిందని. ఆ తర్వాత ఇక ఆ ఊసే ఎత్తలేదు.”

అరవని రోగి ఏడాదిపాటు నా ఎదుటే నిలబడితే, నేను దిండ్లకేసి చూస్తూ కూర్చున్నాను.

సిస్టర్ గారూ! వచ్చే సోమవారం మన వార్డు పదకొండవ మంచం మీ పేరున ఉంది. ఆనాటి డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను. ఇకపై వాయిదాలు చెల్లవు. మీరు త్వరగా కోలుకుని, నొప్పి ఎరుగని నడకతో, మీ వాళ్ల మధ్య నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని మీ శిష్యురాళ్లందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఆ రోజు నొప్పి పుడితే మొహమాటపడకుండా అరవండి. మీరు అరవకపోయినా, ముందు మీ దగ్గరికే వస్తాను.