ఫణికుమార్ పెట్టని సంతకం

పక్క ఊళ్లు కాపెల్ నుంచి, ఫ్రిస్కో నుంచి, అంతకంటే దూరం నుంచి కూడా ఈ ఆదివారం మధ్యాహ్నం ఇక్కడికి వచ్చిన అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం మన ఫణికుమార్ గారు నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఇంట్లో, గుండె ఆగి వెళ్లిపోయారు. ఆయన భార్య గీతాంజలి గారు, కూతురు మనీషా ముందు వరుసలో ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చున్న పెద్దావిడ డొలోరెస్ గార్సా గారు. నాలుగు గంటలు ప్రయాణం చేసి దక్షిణ టెక్సాస్ నుంచి వచ్చారు. నేను మాట్లాడే ప్రతి మాటా మనీషా ఆవిడకి చెవిలో ఇంగ్లీషులో చెబుతోంది. కాబట్టి నిదానంగా మాట్లాడతాను.

నా పేరు భావన. ఫణి గారూ నేనూ ఒకే కంపెనీలో స్ట్రక్చరల్ ఇంజనీర్లం. ఆరేళ్లు పక్కపక్క సీట్లలో పనిచేశాం.

మిత్రులారా, నిన్న గీతాంజలి గారు నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగారు. "ఆ చర్చి టెన్షన్ వల్లే పోయాడని ఎవరైనా అంటే ఊరుకోకు భావనా. ఆయన సంతోషంగా ఉన్నది ఆ రెండేళ్లే." అందుకే ముందే చెబుతున్నాను. బయట పార్కింగ్‌లో ఆ మాట అనుకున్నవాళ్లు ఉన్నారు. నేను విన్నాను. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఏమిటా చర్చి? శాన్ ఇసిద్రో మిషన్. రెండు వందల అరవై ఏళ్ల క్రితం స్పెయిన్ నుంచి వచ్చిన పాదరీలు నది ఒడ్డున కట్టించింది. కట్టించింది అంటున్నాను, కట్టింది అనడం లేదు. ఈ తేడా నాకు నేర్పింది ఫణి గారే. రాళ్లు కొట్టినవాళ్లు, సున్నం కాల్చినవాళ్లు, ఇరవై ఆరేళ్లపాటు మోసినవాళ్లు ఆ నేల మీద అంతకుముందు నుంచీ బతుకుతున్న ఆదివాసీలు. డొలోరెస్ గారి పూర్వీకులు. పాదరీలు వాళ్లకి స్పానిష్ పేర్లు పెట్టి పుస్తకంలో రాసుకున్నారు. అసలు పేర్లు రాయలేదు. ఆ మనుషుల్ని ఆ చర్చి నేల కిందే పూడ్చారు.

ఆ గోడల మందం నాలుగు అడుగులు. రెండు వైపులా చెక్కిన రాయి, మధ్యలో రాళ్ల ముక్కలు, సున్నం. దానికి గంటల గోపురం లేదు. ముందు గోడే కప్పు దాటి పైకి లేచి, మూడు కిటికీల్లాగా తెరుచుకుంటుంది. ఆ ఖాళీల్లో గంటలు వేలాడేవి. ఇప్పుడు ఒకటే మిగిలింది. యాభై అరవై ఏళ్ల క్రితం ఎవరో మంచి చేద్దామనే ఆ ముందు గోడకి బయటంతా సిమెంటు పూశారు. అప్పటి నుంచి పగుళ్లు మొదలయ్యాయి.

రెండేళ్ల క్రితం ఆ చర్చి స్థలాన్ని చూసుకునే ట్రస్టు మా కంపెనీని రిపోర్టు అడిగింది. వాళ్లకి అక్కడ పెద్ద హాలు కట్టాలని ఉంది. గోడ బాగుచెయ్యడం కుదరదని ఒక ఇంజనీరు సీలు వేసి ఇస్తే చాలు, చర్చిని కూల్చెయ్యొచ్చు. ఫణి గారూ నేనూ వెళ్లాం. ఆయన మొదటి రోజంతా కొలిచే మెషీన్ బయటికి తియ్యలేదు. గోడకి చెయ్యి ఆనించి నడిచారు. గోడ బయటి వైపు చెమ్మగా ఉంది, చర్చి లోపలి వైపు పొడిగా ఉంది. సాయంత్రం నాతో అన్నారు: "గోడ ముసలిదై పోలేదు భావనా. సున్నం గోడ తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దీనికి రెయిన్‌కోట్ తొడిగి బటన్లు కుట్టేశారు. లోపల నానిపోతోంది."

గోడ గట్టిదనం కొలిస్తే నా రీడింగులూ అదే చెప్పాయి. సిమెంటు వెనక సున్నం మెత్తబడింది. సిమెంటు లేని లోపలి వైపు గట్టిగా ఉంది. అంటే బాగుచెయ్యవచ్చు.

ఆఫీస్‌కి వచ్చాక ఏం జరిగిందో వినండి. లోపలి వైపు రీడింగులు రిపోర్టులోంచి తీసెయ్యమన్నాడు మా మేనేజరు. అవి తీసేస్తే ఏమవుతుంది? గోడంతా వయసు మీదపడి చచ్చిపోయినట్టు కనబడుతుంది. వాటిని తీసేసింది ఎవరు? నేను. ఈ చేత్తో డిలీట్ చేశాను. నా హెచ్‌-1బి వీసాని కంపెనీ రెన్యూ చెయ్యాల్సింది ఆ నెలలోనే. ఎందుకు చేశావని నన్నెవరూ అడగలేదు. ఫణి గారు కూడా అడగలేదు.

ఆయన సంతకం మాత్రం పెట్టలేదు.

మీటింగ్ రూమ్‌లో మేనేజరు చాలా మర్యాదగానే చెప్పాడు, వీసా సంగతి ఆలోచించుకో అని. ఫణి గారు పెన్ను మూత పెట్టి, "నా సీలు నా పేరు మీద ఉంది, మీ పేరు మీద కాదు. తడి గోడని చచ్చిన గోడ అని రాయను" అన్నారు. అంతే. అరవలేదు, బల్ల గుద్దలేదు. పది రోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది. మీలో చాలామందికి తెలుసు, ఆ తర్వాత మిగిలేది అరవై రోజులు. ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లు, కూతురి స్కూలు, అన్నీ వదిలేసి ఈ దేశం నుంచి వెళ్లిపోవాలి.

అప్పుడు మనవాళ్లు ఆయనతో ఏమన్నారు? నేనూ అన్నాను, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. "మన గుడి కాదు, మన మతం కాదు, మన దేశం కూడా కాదు. నీకెందుకయ్యా?" అన్నాం. ఆయన సమాధానం నాకు కంఠతా వచ్చు. "గోడ ఎవరిదని అడిగి నేను లెక్క వెయ్యను."

ఆ అరవై రోజుల్లో ఆయన ఉదయం అప్లికేషన్లు పంపేవారు, శనివారం తెల్లారుతూనే ఆ చర్చికి కారెక్కేవారు. డొలోరెస్ గారివాళ్ల కుటుంబాలు అక్కడి స్థానిక ప్రభుత్వం, అంటే కౌంటీ నుంచి అనుమతి తెచ్చాయి, ముందు గోడ మీద ఆరడుగుల చదరం మేర సిమెంటు తీసి చూడటానికి. చిన్న ఉలి, చిన్న సుత్తి. గోడ అదరకూడదని పెద్ద మెషీన్లు వద్దన్నారు. రెండో శనివారం ఒక పెచ్చు ఊడితే లోపల్నుంచి నీళ్లు కారాయట. అన్నేళ్లూ బయటికి రాలేకపోయిన నీళ్లు.

ఆ సిమెంటు కింద పాత రంగులు బయటపడ్డాయి. ఎరుపూ నీలమూ గడులు, వరసగా. ఒక్క గడిలో మాత్రం నీలం ఉండాల్సిన చోట ఎరుపు పడింది. ఫణి గారు నాకు ఆ ఫొటో పంపి, వెంటనే ఫోన్ చేశారు. అంత ఆనందంగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "ఎవడో పొరపాటు చేశాడు చూడు. పొరపాటు చేసినవాడికి ఒక పేరు ఉండి ఉంటుంది కదా. మేస్త్రీ తిట్టి ఉంటాడు కదా." డొలోరెస్ గారు ఆ గడి ముందు నిలబడి ఏడవలేదట. నవ్వారట. "మా ఇంట్లో అందరం ఇంతే" అన్నారట.

యాభై మూడో రోజున ఆయనకి ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. వేసవి అంతా ఆ ఆరడుగులూ ఆరాయి. శరత్కాలానికి సున్నం మళ్లీ గట్టిపడింది. ఫణి గారి ఆ కొత్త రీడింగులు చూసి కౌంటీ కూల్చివేతని ఆపింది. ఆపింది, రద్దు చెయ్యలేదు. చివరి విచారణ వచ్చే గురువారం. అక్కడ సాక్ష్యం చెప్పాల్సినది ఫణి గారు.

ట్రస్టువాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆయన పోయాడు, ఫైలు మూసుకుపోతుంది అనుకుంటున్నారు.

మూసుకుపోదు.

నేను తీసేసిన రీడింగుల కాపీ నా దగ్గర ఉంది. మొన్న శుక్రవారం అవన్నీ కౌంటీకి పంపాను. వాటిని ఎవరు తీశారో, ఎవరు తియ్యమన్నారో రాసి, కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. నా వీసా ఇంకా ఆ కంపెనీ మీదే ఉంది. రేపు సోమవారం నేను ఆఫీస్‌కి వెళతాను, ఏమంటారో చూస్తాను. భయంగా ఉందా అంటే ఉంది. ఫణి గారికి భయం లేదని అనుకుంటున్నారా? ఆ అరవై రోజులూ ఆయన నిద్రపోలేదని గీతాంజలి గారు చెప్పారు. అయినా శనివారం వచ్చేసరికి కారు తీశారు.

డొలోరెస్ గారూ, ఆ నేల కింద ఉన్న మీవాళ్ల మీద ఎవరూ హాలు కట్టరు. మనీషా, ఈ మాట ఆవిడకి సరిగ్గా చెప్పమ్మా. మీ నాన్నగారు ఉండి ఉంటే ఇంకా సూటిగా చెప్పేవారు.

స్నేహితులారా, గురువారం ఉదయం ఆరింటికి ఇదే హాలు ముందు నుంచి కార్లు బయల్దేరతాయి. సెలవు పెట్టగలిగినవాళ్లు పెట్టండి. ఇంజనీర్లు మీ లైసెన్సు నంబరుతో రండి. మిగతావాళ్లు ఊరికే వచ్చి కూర్చోండి, గది నిండాలి.

ఇప్పుడు ఫణికుమార్ గారి కోసం లేచి నిలబడి, ఒక్క నిమిషం మౌనంగా ఉందాం. ఒక్క నిమిషమే. అంతకు మించి మౌనం ఆయనకి వద్దు.