దిగేవాళ్ల వీపులు

(జనగామలో ఒక బస్సు డిపో. కండక్టర్ అండాలు పదవీ విరమణ సందర్భంగా జరిగిన సభలో, ఆఖరున ఆమె మాట్లాడిన మాటలు.)

ఈ సభకు అధ్యక్షత వహించిన మా డిపో మేనేజర్ శ్రీనివాస్ సార్‌కు, ఆదివారం బేరం వదులుకొని, దుకాణం మూసుకొని వచ్చిన ముఖ్య అతిథి, బట్టల వ్యాపారి రామచంద్రం గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ డ్రైవరన్నలకు, కండక్టర్ అక్కచెల్లెళ్లకు, చేతులకు గ్రీజుతోనే వచ్చిన గ్యారేజీ తమ్ముళ్లకు, ఇన్నేళ్లు నా బండి ఎక్కి, నా మాటలు పడి, నన్ను మాటలని, మళ్లీ తెల్లారి అదే బండి ఎక్కిన ప్రయాణికులందరికీ నమస్కారం.

కుర్చీ వేశారు గానీ నేను నిలబడే మాట్లాడతాను. కూర్చున్నానంటే ఈ మోకాళ్లు మళ్లీ లేవనివ్వవు. (నవ్వులు) మన ఆఫీసులో కొత్తగా చేరిన వర్ష పొద్దుటి నుంచి వెంటపడుతోంది, "అక్కా, వీడియో తీస్తున్నరు, జర పుస్తకాల భాషల మాట్లాడు" అని. ప్రయత్నిస్తాను బిడ్డా. మధ్యలో నోరు జారితే వీడియో ఆపేసుకో.

శ్రీనివాస్ సార్ నన్ను అలుపెరగని ఉద్యోగి అన్నారు. సార్, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట సరికాదు. నేను చాలా అలిసిపోయాను. ఈ శాలువా కూడా బరువుగానే ఉంది. గొంతు ఎప్పుడో పోయింది. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి" అని అనుకుంటూ ఉంటానట, మా బిడ్డ స్వప్న నవ్వుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసిన తర్వాత బండిలో కాలు పెట్టే జాగా లేదు. సంతోషమే, నాతోటి ఆడవాళ్లు అవ్వగారింటికో, అక్కగారింటికో ఎవరినీ అడగకుండా పోయి వస్తున్నారు. కానీ ఆ మందిలో నుంచి ముందు డోర్ దాకా పోయి వెనక్కి వచ్చేసరికి నా చీర కుచ్చిళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో నాకే తెలిసేది కాదు. (నవ్వులు) సత్తమ్మక్కా, నవ్వకు, నీ కూరగాయల గంప అంచు గీసుకున్న మచ్చ నా మోచేతి మీద ఇంకా ఉంది.

నా నౌకరి మొదలైంది భూపాలపల్లిలో. చిట్యాల మీదుగా తిరిగే బండి. బొగ్గుబాయి షిఫ్టుకు పోయేవాళ్లు ఎక్కితే బండి అంతా మాటలే, పేకాట గొడవలు, పెళ్లి సంబంధాలు, ఎవరింట్లో బర్రె ఈనింది. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు అదే మనుషులు, ఒక్క మాట ఉండేది కాదు, ఒకరి భుజం మీద ఒకరు నిద్ర. అప్పట్లో నా దగ్గర ఫోను లేదు. ఉంటే ఆ పోయేటప్పటిదీ ఆ వచ్చేటప్పటిదీ రెండూ తీసి పక్కపక్కన పెట్టేదాన్ని. తర్వాత మానుకోటకు వేశారు. అక్కడ మిర్చి కాలంలో బండి నిండా బస్తాలు, నేను దగ్గితే డ్రైవర్ తుమ్మేవాడు. చివరికి జనగామ వచ్చాను, పాలకుర్తి రూటు ఇచ్చారు, ఇక్కడే పాతుకుపోయాను.

స్వప్న తన మొదటి జీతంతో నాకు కెమెరా ఫోను కొనిచ్చింది. దాంతో నేను మొట్టమొదట తీసింది మనిషిని కాదు, పత్తి చేనును. పాలకుర్తి దాటగానే మూలమలుపు దగ్గర బండి ఎలాగూ నెమ్మదిస్తుంది, అక్కడ కిటికీ పక్కనే ఒక చేను. దుక్కి దున్నినప్పుడు ఎర్రగా, మొలక వచ్చినప్పుడు గీతలు గీతలుగా, పూతకొచ్చినప్పుడు ఇంకోలా. పత్తి పువ్వు ఈరోజు తెల్లగా పూస్తుంది, రేపు పోయేసరికి గులాబీ రంగుకు తిరుగుతుంది, అది నాకు బస్సులో నుంచే తెలిసింది. నేను ఫోను ఎత్తితే బండిలో వాళ్లు గోల చేసేవాళ్లు. "ఏంది అండాలక్కా, జన్మల పత్తి చూడనట్టు తీస్తున్నవ్, గిది మా ఊరి చేనే గదా" అని. మీ ఊరి చేనే. నిన్నటి చేను మాత్రం కాదు. ఆ మాట వాళ్లకు చెప్పేంత తీరిక నాకు లేదు, "టికెట్, టికెట్" అంటూ ముందుకు పోయేదాన్ని.

మనుషులను తీయడం ఆ తర్వాత. మొదట్లో మొహాలే తీశాను. ఒకామె నిలదీసింది, "నా మొఖం నీకెందుకు, నీ ఫోన్ల నేనెందుకుండాలె" అని. న్యాయమే కదా. అప్పటి నుంచి మొహాల జోలికి పోలేదు. కండక్టర్‌కు రోజంతా కనబడేది ఎలాగూ దిగేవాళ్ల వీపే. ఎక్కేటప్పుడు అందరూ ఒకేలా ఎక్కుతారు, సీటు దొరుకుతుందా లేదా అని. దిగేటప్పుడు మాత్రం ఎవరి దిగుడు వాళ్లది. మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు ఉన్నప్పుడు తీసేదాన్ని. మన భాషలో ఒక చిత్రం ఉంది చూడండి, బస్సు దిగుతామంటాం, ఫోటో కూడా దిగుతామంటాం. నా బండిలో రెండు పనులూ ఒక్కసారే అయ్యేవి.

వర్ష, గ్యారేజీ తమ్ముళ్లు కలిసి ఆ ఫోటోలను ఈరోజు గోడల నిండా పెట్టారు, నాకు చెప్పకుండా. రామచంద్రం గారు తన ఖర్చుతో అంత పెద్దగా వేయించారు. పొద్దున లోపలికి వచ్చి చూసి, బండిలో మందిని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ గోడల చుట్టూ తిరిగాను. ఆ తలుపు పక్కన ఉన్నది ప్రత్యూష. బడి సంచితో దిగింది, కాలేజీ సంచితో దిగింది, మొన్న పసిపాపను భుజానేసుకుని దిగింది. వీపులే తీస్తానని నియమం పెట్టుకున్నాను గానీ, ఆ పాప వెనక్కి తిరిగి ఉంది, దాని మొహం పడిపోయింది. ప్రత్యూషా, ఎక్కడున్నావ్, చెయ్యెత్తు. ఆ, దాన్నిటు చూపించు. పడుకుందా? పడుకోనీ, నా ప్రసంగానికి నేనైనా పడుకుంటాను. (నవ్వులు, చప్పట్లు)

ఇక ఆ కుడివైపు గోడ మీది ఐదు ఫోటోల సంగతి.

రామచంద్రం గారు వాటి గురించి చాలా బాగా చెప్పారు. మొదటి దాంట్లో ఖాళీ మెట్టు, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు. రెండో దాంట్లో ఒక మనిషిని ఇంకో మనిషి పొదివి పట్టుకుని దింపుతున్నాడు. మూడో దాంట్లో చేతికర్ర వచ్చింది. నాలుగో దాంట్లో కర్ర కూడా లేదు, రాడ్ పట్టుకుని తనంతట తానే దిగుతున్నాడు. ఐదో దాంట్లో బండి పూర్తిగా ఆగకముందే దూకేస్తున్నాడు. "ఆ ప్రయాణికుడు ఎవరో నాకు తెలియదు గానీ, మన కళ్ల ముందే కోలుకున్నాడు" అని ఆయన అంటుంటే మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కింద వర్ష పేరు కూడా రాసి పెట్టింది, 'కోలుకున్న ప్రయాణికుడు' అని.

చప్పట్లు కొట్టని మనిషి ఈ సభలో ఒక్కరే. నాతో ఆ రూటులో బండి నడిపిన డ్రైవర్ బిక్షపతన్న. తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. అది చూశాక నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

ఆ ఫోటోల వరుస తిరగబడింది. వాట్సాప్‌లో నేనే పంపాను, ఫోనులో కొత్తది పైన, పాతది కింద ఉన్న వరుసలోనే, తారీఖులు లేకుండా. వర్షకు తెలియదు. ఆ మనిషి పేరు ఎల్లేశ్. పాలకుర్తిలో దర్జీ. నా మొగుడు.



వర్షా, ఇగ నీ పుస్తకాల భాష నాతోని కాదు బిడ్డ.

ఆయినకు కిడ్నీలు ఖరాబైనయి. వారానికి రెండుసార్లు జనగామ దవాఖానకు వచ్చి రక్తం కడిగించుకోవాలె. పొద్దుగాల ఫస్టు బండి నాది, ఆయిన నా బండ్లెనే ఎక్కెటోడు. తెల్వనోని లెక్క నా ముందట చెయ్యి చాపి "ఒక దవాఖాన" అనెటోడు. నేను టికెట్ కొట్టిచ్చేదాన్ని. గంతే. ఇంట్ల ఎంత కొట్లాడుకున్నా బండ్ల గిట్లనే, ఇద్దరం ఎవరికెవరం కానట్టు.

దవాఖాన స్టాపుల బండి ఎంతసేపు ఆగుతది? ఆయిన దిగెటోడు. నేను దిగరాదు. బండి నిండ మంది, మెడల టికెట్ మిషను, ఎనకకెల్లి కేకలు, "కండక్టరమ్మా, రైట్ చెప్పు, మాకు ఆలస్యమైతుంది" అని. ఆయిన గేటు దాటెదాక బిక్షపతన్నకు గేరు వెయ్యబుద్ధి కాకపోతుండె, అద్దంల ఆయిననే చూస్తుండె. కని రైట్ అనాల్సింది నేను. అన్న. ప్రతిసారి నేనే అన్న. దిగలేనిదాన్ని, ఇంకేం జేస్త, ఫోను తీసి వీపును తీసుకున్న.

మొదటిది, ఆ దుంకుతున్నది. "ఆగినంక దిగు, ఏం తొందర" అని తిట్టిన ఆ దినం. తర్వాత రాడు పట్టిండు. తర్వాత కర్ర వచ్చింది. తర్వాత బిక్షపతన్న స్టీరింగ్ ఇడిచిపెట్టి, అటుదిక్కుకెల్లి చుట్టు తిరిగి వచ్చి, పట్టుకొని దింపిండు. ఆ రెండో వీపు నీదేనన్నా, నీకు తెల్సు, ఇయ్యాల అందరికి తెలిసింది. ఆయిన పోయి, దినాలు అయినంక నేను మళ్ల డ్యూటీకి వచ్చిన. బిక్షపతన్న అలవాటుల దవాఖాన స్టాపుల బండి ఆపిండు. ఆ దినం దిగెటోళ్లు లేరు, ఎక్కెటోళ్లు లేరు. "ఎవరు దిగుతరు?" అని ఎవరో అడిగిన్రు. నేను ఫోను ఎత్తి ఖాళీ మెట్టును తీసిన. మీరు మొదటిదనుకున్నది ఆఖరిది.

వర్షా, ఏడ్వకు. నువ్వు తప్పు జెయ్యలే. రామచంద్రం సేటు, మీరు సుత పరేషాన్ కాకుండ్రి. మీరు మాట్లాడుతున్నంతసేపు నేను ఆ గోడ దిక్కే చూసిన. ఖాళీ మెట్టు మీదికి ఆయిన వచ్చిండు. బిక్షపతన్న చెయ్యి ఇడిచిండు. కర్ర పారేసిండు. దుంకిండు. ఆయిన దిగుడును నేను ఒక్కతీరుగనే చూసిన ఇన్నొద్దులు, గిట్ల ఎనకముందు చూడొచ్చని నాకు తట్టనేలేదు. ఆ జరసేపు నాకు మస్తు సంబురమైంది. సప్పట్లు గందుకే కొట్టిన.

అందుకే ఒక్కటి అడుగుత. ఇప్పుడు లేచి ఆ ఫోటోలను సరిజెయ్యకుండ్రి. మీరందరు బువ్వ తిని పోయెదాక గట్లనే ఉండనియ్యుండ్రి. ఇంటికి తీస్కపోయినంక నా గోడకు నేను సరిగనే పెట్టుకుంట. ఏది ముందో ఏది ఎనకనో నాకు తెల్వదా?

శ్రీనివాస్ సార్, శాలువాకు, మంచిమాటలకు శనార్తులు. సేటు, ఇంత పెద్దగ ఆయినను నేను ఎన్నడు చూసుకోలే, మీకు దండం. తమ్ముళ్లు, చెల్లెండ్లు, నా నోటికి తట్టుకున్నందుకు మీ అందరికి దండం. నేను అలిసిపోయిన. ఇగ మెట్లు దిగుత. ఎవరన్న ఫోటో తీస్తే తియ్యుండ్రి, ఎనకకు తిరిగి నవ్వుమని మాత్రం అడగకుండ్రి.

బిక్షపతన్నా, నన్ను ఇంటికాడ దింపుతా అన్నవట గదా. ఇన్నేండ్లు నేను రైట్ అన్నంక నువ్వు బండి కదిలిచ్చినవ్. ఇయ్యాల రైట్ అనుటానికి ఎవ్వలుండరు. నేను దిగినంక జరసేపు ఆగు. ఇంట్లకు పోయెదాక చూసి, అప్పుడు కదిలియ్యి.

సెలవు.