వెనుక సీటు బరువు

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన టైర్ల షాపులో మెకానిక్ కారుకు కొత్త అలాయ్ చక్రాల్లో చివరిది బిగించి లేచాడు. కారాయన వంగి చూశాడు.

“బోల్టులన్నీ మంచిగనే కూసున్నయి గద?”

“కూసున్నయి. గని ఆఫ్‌సెట్ వేరేనన్న. బోల్టులు పట్టే చోటు జర లోపలికున్నది, అందుకే చక్రం రెండు వేళ్లంత బయటికొచ్చింది.”

“చూడనీకి మంచిగుంది. ఏమన్న అయితదా?”

“మీరొక్కరుంటే ఏం గాదు. వెనుక సీట్ల మనుషులు కూసుంటే కారు కిందికి దిగి, టైరు బాడీకి రాస్తది.”

“నేనొక్కన్నే తిరుగుత.”

“మరి వదిన, పిల్లలు?”

“నల్లకుంటల మా అత్తగారింట్ల ఉంటున్నరు. ఆర్నెల్లయింది.”

“ఇగ రారా అన్న?”

అతను కిటికీలోంచి వెనుక సీటును చాలాసేపు చూశాడు.

“పాత చక్రాలే బిగియ్యి.”